ఎడారిలో నాలుగు తూములు

ఊళ్లో రోడ్డు కింద వాననీళ్లు పోవడానికి సిమెంటు తూములు వేస్తారు కదా, చూడ్డానికి అచ్చం అలాంటివే. కాకపోతే ఆరడుగుల మనిషి తల వంచకుండా లోపల నడిచిపోగలిగినంత పెద్దవి. అలాంటివి నాలుగు. అమెరికాలోని ఉటా రాష్ట్రం వాయవ్య మూలన, లూసిన్ అనే పాడుబడ్డ రైల్వే ఊరి దగ్గర, గ్రేట్ బేసిన్ ఎడారిలో బోరింగు నీళ్ల జాడ కూడా లేని బయలులో పడున్నాయి. వాటి కింద కాలవ లేదు, పైన రోడ్డు లేదు. చుట్టూ చదునైన నేల, మోకాలెత్తు తుప్పలు, ఎక్కడో దూరాన నీలంగా కొండలు.

మామూలు రోజున ఈ తూముల్లోంచి చూస్తే ఎడారి ముక్క ఒకటి గుండ్రంగా కనిపిస్తుంది, అంతే. జూన్ 21 తెల్లవారుజామున వెళ్లి సరైన తూములో నిలబడితే మాత్రం, ఆ గుండ్రటి చట్రానికి నట్టనడుమ సూర్యుడు పొడుస్తాడు. సాయంత్రం ఇంకో జతలోంచి చూస్తే నట్టనడుమే కుంకుతాడు. డిసెంబర్ 21న కూడా ఇలాగే జరుగుతుంది, తూముల దిక్కులు మాత్రం మారతాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో రెండు మలుపులను నాలుగు సిమెంటు గొట్టాలతో పట్టి చూపించిన కట్టడమిది. పేరు ‘సన్ టన్నెల్స్’. కట్టించింది నాన్సీ హోల్ట్ అనే శిల్పి.

హోల్ట్ 1938లో పుట్టింది. 1974లో ఇక్కడ నలభై ఎకరాలు కొనుక్కుంది. 1976కు పని పూర్తయింది. ఒక్కో తూము పొడవు 18 అడుగులు, బయటి వ్యాసం తొమ్మిది అడుగుల పైచిలుకు, బరువు 22 టన్నులు. పైనుంచి చూస్తే నాలుగూ కలిసి ఇంటూ గుర్తులా ఉంటాయి. ఆ గుర్తు ఒక కొస నుంచి ఎదుటి కొసకు 86 అడుగులు. ఖగోళ శాస్త్రవేత్త, ఇంజనీర్లు, సర్వేయరు, కాంక్రీటు పైపులు పోసే కార్మికులు, రంధ్రాలు తొలిచేవాళ్లు, క్రేన్ నడిపేవాడు, ఇంతమంది చేతులు పడితేగాని ఇది నిలబడలేదు. తర్వాత ఈ పని గురించి తానే ఒక పత్రికలో రాసినప్పుడు హోల్ట్ వీళ్లందర్నీ లెక్క కట్టి మరీ చెప్పింది. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. గుడి కట్టిన స్థపతి పేరే దొరకని దేశం నుంచి చూస్తే, తవ్వకం పని చేసినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్న కళాకారిణి మీద గౌరవం కలుగుతుంది.

అదే రాష్ట్రంలో, గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున, ఆమె భర్త రాబర్ట్ స్మిత్సన్ 1970లో నల్లరాళ్లతో 1,500 అడుగుల సుడిగట్టు పోయించాడు. ‘స్పైరల్ జెట్టీ’ అనే ఆ కట్టడం ప్రపంచ ప్రసిద్ధం. అది సరస్సు మట్టాన్ని బట్టి మునుగుతూ తేలుతూ ఉంటుంది. స్మిత్సన్ 1973లో విమాన ప్రమాదంలో పోయాడు. హోల్ట్ తన పని తాను చేసుకుపోయింది.

ఇప్పుడు తూముల లెక్క దగ్గరికి వద్దాం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చిన్నప్పుడు చదువుకున్నాం. సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండు రోజులే, మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల మిగతా రోజుల్లో ఉదయించే చోటు ఉత్తరానికో దక్షిణానికో జరుగుతూ ఉంటుంది. ఎంత జరుగుతుందన్నది చూసేవాడి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. లూసిన్ దగ్గర అక్షాంశం 41 డిగ్రీల పైన. అక్కడ జూన్ మలుపునాడు సూర్యుడు తూర్పుకు 32 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా. మన హైదరాబాద్‌లో అయితే ఈ జరుగుడు దాదాపు 24.6 డిగ్రీలే. అంటే హోల్ట్ తూములను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి మన దక్కన్ మీద పెడితే పనికిరావు. ఇంటూ గుర్తును తూర్పు పడమరల వైపు కాస్త నొక్కి సన్నం చేయాలి. ఈ కట్టడం ఆ అక్షాంశానికే పుట్టింది. దాన్ని మ్యూజియంలోకి తరలిస్తే అది ఒట్టి తూమే.

ఇంకో చిన్న ముచ్చట. ఈ దృశ్యం కచ్చితంగా ఒక్క రోజే కాక, మలుపుకు అటూ ఇటూ కలిపి పది రోజుల దాకా కనిపిస్తుంది. కారణం మన ఊయలకు తెలుసు. ఊయల మధ్యలో వేగంగా పోతుంది, కొసకు వచ్చేసరికి నెమ్మదించి ఒక్క క్షణం ఆగినట్టుండి వెనక్కి తిరుగుతుంది. సూర్యుడి ఉదయస్థానం కూడా అంతే. మార్చిలో లూసిన్ దగ్గర రోజుకు తన బింబమంత దూరం జరుగుతుంది. జూన్ మలుపు దగ్గర మొదటి ఐదు రోజుల్లో జరిగేది బింబంలో నాలుగో వంతు కూడా ఉండదు. దక్షిణాయనం, ఉత్తరాయణం అని మనం పిలిచే రెండు ప్రయాణాల మధ్య ఆ ఆగినట్టుండే చోటునే హోల్ట్ ఎంచుకుంది.

మన అరసవల్లిలో జరిగేది ఇందుకు భిన్నం, ఆ భిన్నత్వమే చూడముచ్చట. శ్రీకాకుళం పక్కన ఉన్న ఆ గుళ్లో ఏటా మార్చి 10 ప్రాంతంలో ఒకసారి, అక్టోబర్ 2 ప్రాంతంలో ఒకసారి ఉదయపు కిరణాలు గోపురం, మండపం దాటి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఈ రెండు తేదీలు ఎందుకు? డిసెంబర్ 21 నుంచి వెనక్కి లెక్కపెడితే అక్టోబర్ 2 దాకా 80 రోజులు. ముందుకు లెక్కపెడితే మార్చి 10 దాకా 79. దక్షిణం వైపు పోతూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి, సూర్యుడు ఒకే చోటు మీదుగా దాటుతున్నాడన్నమాట. అది సూర్యుడి వడి ఎక్కువగా ఉండే కాలం కాబట్టే ఆ దర్శనం రెండు మూడు రోజులకే ముగిసిపోతుంది. హోల్ట్ తూములు ఆగిన సూర్యుణ్ణి చూపిస్తాయి. అరసవల్లి గుడి నడుస్తున్న సూర్యుణ్ణి చూపిస్తుంది.

ఎడారే ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇలాంటి కట్టడానికి నేలకంటే ముఖ్యం దిగంతం. ఊళ్లో దిగంతమంటే ఎదురింటి వాటర్ ట్యాంకు. పల్లెలో తాటితోపు. ఎడారిలో గాలి పొడి, మబ్బులు తక్కువ, కరెంటు దీపాల వెలుగు దూరం, కంటికి అడ్డొచ్చేది లేదు. అద్దాలు లేకుండా ఆకాశాన్ని కొలవాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు. నెవాడా, ఉటా, అరిజోనా, న్యూ మెక్సికో ఎడారుల్లో గత యాభై అరవై ఏళ్లలో లేచిన ఇలాంటి కట్టడాలను కళా చరిత్రకారులు ‘లాండ్ ఆర్ట్’ అనే గంపలో వేస్తారు. అందులో కొన్ని మాత్రం నిజానికి యంత్రాలు. కదిలే భాగం వాటిలో లేదు. కదిలేది భూమి.

తూముల పైభాగాన రంధ్రాలున్నాయి. ఏడు నుంచి పది అంగుళాల వెడల్పు. ఇష్టమొచ్చినట్టు తొలిచినవి కావు. ఒక్కో తూము మీద ఒక్కో నక్షత్ర రాశి: డ్రాకో, పర్సియస్, కొలంబా, కాప్రికోర్న్. ఎక్కువ కాంతి ఉన్న నక్షత్రానికి పెద్ద రంధ్రం, తక్కువ ఉన్నదానికి చిన్నది. మిట్టమధ్యాహ్నం బయట కళ్లు తెరవలేని ఎండ కాస్తుంటే లోపల చల్లని నీడలో ఆ రాశి వెలుగు చుక్కలుగా కాళ్ల దగ్గర పడుతుంది. పగటిపూట నక్షత్రాల మీద నడవొచ్చు. సూర్యుడు కదిలేకొద్దీ చుక్కలు గోడ మీదుగా పాకుతాయి. పండు వెన్నెల్లోనూ ఇంతే, కాకపోతే మసకగా.

ఆ నాలుగింటిలో చివరిది మన మకర రాశే. తెలుగువాడికి ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ఉత్తరాయణం మొదలయ్యేది డిసెంబర్ 21న అని తూములు కళ్లకు కట్టినట్టు చూపిస్తున్నాయి. మరి ఉత్తరాయణ పుణ్యకాలమని మనం మకర సంక్రాంతిని జనవరి 14నో 15నో ఎందుకు చేసుకుంటున్నాం? డిసెంబర్ 21న సూర్యుడు మన పంచాంగం ప్రకారం ఇంకా ధనుస్సులోనే ఉంటాడు, ధనుర్మాసం సగం కూడా గడవదు. ఈ ఇరవై నాలుగు రోజుల తేడా ఎక్కడిది?

బొంగరం ఆడినవాళ్లకు జవాబు సులువుగా పట్టుబడుతుంది. బొంగరం వడి తగ్గి వాలాక, అది తన చుట్టూ తాను తిరుగుతూనే మొల పైకొసతో గాల్లో నెమ్మదిగా ఒక సున్నా చుడుతుంది. భూమి కూడా అంతే. భూమి అచ్చమైన గుండు కాదు, నడుము దగ్గర ఉబ్బింది. భూమధ్యరేఖ దగ్గరి వ్యాసం ధ్రువాల మధ్య వ్యాసంకంటే 43 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బును సూర్యుడూ చంద్రుడూ లాగుతూ ఉండటంతో వాలిన ఇరుసు ఆకాశంలో సుమారు 26,000 ఏళ్లకు ఒక సున్నా చుడుతుంది. అంటే 72 ఏళ్లకు ఒక డిగ్రీ. మనిషి ఆయుర్దాయమంతా కలిపితే ఒక్క డిగ్రీ. మన జ్యోతిష గణితం దీన్ని లెక్కలోకి తీసుకుని, పేరుకున్న తేడాను అయనాంశ అంది. అది ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది.

సుమారు 1,700 ఏళ్ల కిందట ఉత్తరాయణమూ మకర సంక్రమణమూ ఒకే రోజు. అప్పటినుంచి దాదాపు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున విడిపోతూ వచ్చాయి. 1863లో వివేకానందుడు సంక్రాంతి నాడు పుట్టాడు, ఆ రోజు జనవరి 12. ఈ లెక్కన ఇంకో రెండు వేల ఏళ్లకు మన సంక్రాంతి ఫిబ్రవరిలో వస్తుంది. పండగ తప్పని నేననను. నక్షత్రాలను బట్టి చేసుకునే పండగ నక్షత్రాలతోనే పోతుంది, అది దాని నియమం. కానీ మన గోడ మీద వేలాడే పంచాంగంలో ఇంత పెద్ద ఆకాశ కథ ఉందని పిల్లలకు ఒక్కసారైనా చెప్పకపోవడం మాత్రం పెద్దవాళ్ల తప్పే.

ఆ కథను అమెరికన్లు ఎడారిలో రెండుచోట్ల రాతిలో రాశారు. మొదటిది హూవర్ ఆనకట్ట మీద. నెవాడా, అరిజోనాల నడుమ కొలరాడో నదికి అడ్డంగా కట్టిన ఆ ఆనకట్టను చూడటానికి మన తెలుగువాళ్లు లాస్ వేగస్ నుంచి బస్సులెక్కి వెళ్తుంటారు. నెవాడా ఒడ్డున ముప్పై అడుగుల కంచు విగ్రహాలు రెండు రెక్కలు నిగిడించి కూర్చుని ఉంటాయి. అందరూ వాటితో ఫొటో దిగుతారు. చూడాల్సింది కాళ్ల కింద. శిల్పి ఆస్కర్ హాన్సెన్ ఆ గచ్చు మీద ఆకాశపటం పరిచాడు. 1935 సెప్టెంబర్ 30న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆనకట్టను జాతికి అంకితం చేసిన రోజు గ్రహాలూ నక్షత్రాలూ ఏ స్థితిలో ఉన్నాయో అదే అందులో ఉంది. ఇరుసు చుట్టే సున్నా కూడా ఉంది. పిరమిడ్లు లేచిన కాలానికి దగ్గరలో ధ్రువతారగా ఉన్న తూబాన్, ఇప్పటి ధ్రువ నక్షత్రం, సుమారు 12,000 ఏళ్ల తర్వాత ఆ స్థానానికి దగ్గరగా రాబోయే వేగా, మూడూ ఆ దారిలో మైలురాళ్లు. వేగా అంటే మన అభిజిత్తు. ఇంగ్లిష్ మర్చిపోయిన మనుషులు వేల ఏళ్ల తర్వాత అక్కడికొచ్చినా, ఆకాశం తెలిస్తే చాలు, ఆ కట్టడం ఏనాటిదో లెక్క వేయగలరు. శిలాశాసనం మీద శకం, సంవత్సరం చెక్కే మన రాజుల అలవాటు గుర్తొస్తుంది. శకం చెరిగిపోతుంది, భాష మారిపోతుంది. నక్షత్రాల తేదీని మాత్రం ఏ రాజ్యం పడిపోయినా చదవొచ్చు.

రెండోది న్యూ మెక్సికోలో. చార్లెస్ రాస్ అనే శిల్పి బర్క్లీలో మొదట చదివింది గణితం. 1971లో ఆయనకు ‘స్టార్ ఆక్సిస్’ ఊహ తట్టింది. 1976లో పని మొదలైంది. పదకొండు అంతస్తుల ఎత్తున, రాయీ కాంక్రీటూ కలిపి, బల్లపరుపు కొండ అంచును తొలిచి కట్టిన ఆ కట్టడంతోనే ఆయన జీవితంలో సగానికి పైగా గడిచింది. దాని గుండె ఒక మెట్లదారి, 147 మెట్లు. ఆ దారి భూమి ఇరుసుకు సమాంతరంగా ఎక్కుతుంది.

ఇరుసుకు సమాంతరంగా మెట్లు కట్టడం అనగానే ఏదో పెద్ద పరికరం కావాలనిపిస్తుంది. అక్కర్లేదు. మనం ఏ అక్షాంశం మీద ఉంటే ఉత్తర ధ్రువ బిందువు దిగంతానికి అన్ని డిగ్రీల ఎత్తున ఉంటుంది. హైదరాబాద్‌లో 17, రాస్ ఎంచుకున్న కొండ మీద సుమారు 35. కాబట్టి మెట్లు కచ్చితంగా ఉత్తరానికి తిరిగి, ఆ కోణంలో వాలితే చాలు. కింది మెట్టు మీద నిలబడి పైకి చూస్తే చివర ఆకాశం రూపాయి బిళ్లంత కనిపిస్తుంది. ధ్రువ నక్షత్రం ఎన్నడూ కచ్చితంగా ధ్రువం మీద ఉండదు, దాని చుట్టూ చిన్న సున్నా తిరుగుతుంది. ఆ సున్నా అత్యంత చిన్నదయ్యే కాలంలో ఎంత ఉంటుందో, ఆ కింది మెట్టు నుంచి కనిపించే ఆకాశం అంత. అది 2100 సంవత్సరం ప్రాంతానికి, అంటే మన మనవల కాలానికి వస్తుంది. మెట్టు మెట్టూ ఎక్కుతుంటే ఆకాశం వెడల్పవుతుంది. ఒక్కో మెట్టు ఒక్కో కాలం. పై మెట్టుకు చేరేసరికి కనిపించే ఆకాశం ధ్రువ నక్షత్రం అత్యంత పెద్ద సున్నా తిరిగే రోజులది.

ఆ రోజుల్లో, ఇప్పటికి సుమారు 13,000 ఏళ్ల తర్వాత, అది ధ్రువానికి దాదాపు 47 డిగ్రీల దూరాన ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకు మిగతా చుక్కల్లాగే రోజూ పొడుస్తుంది, రోజూ కుంకుతుంది. ధ్రువమంటే కదలనిదని మనం పెట్టుకున్న పేరు అప్పుడు చెల్లదు. పుస్తకంలో 26,000 అనే అంకె చదివితే కళ్లు దానిమీదుగా జారిపోతాయి. ఆ అంకెను 147 మెట్లుగా ఎక్కితే మోకాళ్లకు తెలుస్తుంది. కట్టడానికి మాత్రమే ఉన్న శక్తి అది. విజ్ఞాన శాస్త్రానికి వాస్తుశిల్పం చేయగల సేవ ఇదేనని నా నమ్మకం.

సూర్యుడికి ఏడాది, ధ్రువతారకు 26,000 ఏళ్లు. ఈ రెండింటి మధ్య చంద్రుడిది ఇంకో లెక్క, 18.6 ఏళ్లు. చంద్రుడి దారి సూర్యుడి దారికి ఐదు డిగ్రీలు ఓరగా ఉంటుంది. రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే చోట్లే మన రాహుకేతువులు. ఆ చోట్లు వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. రాహువు ఏడాదిన్నరకో రాశి మారాడని టీవీలో చెప్పేది దీన్నే. దీని ఫలితంగా చంద్రోదయం జరిగే చోటు కొన్నేళ్లు సూర్యుడి హద్దులు దాటి దూరంగా పోతుంది, కొన్నేళ్లు ఆ హద్దుల లోపలే ఉండిపోతుంది.

ఈ చంద్రలెక్క అమెరికా ఎడారికి కొత్త కాదు. న్యూ మెక్సికోలోని చాకో లోయలో ప్యూబ్లో ప్రజల పూర్వీకులు వెయ్యేళ్ల కిందట పెద్ద పెద్ద రాతి భవనాలు కట్టుకున్నారు. అక్కడి ఫహాడా గుట్ట పైభాగాన మూడు ఇసుకరాతి పలకలు గోడకు ఆని నిలబడి ఉంటాయి. వాటి వెనక గోడ మీద చెక్కిన సుడి. 1977 జూన్ చివర్లో రాతి చెక్కడాలు నమోదు చేయడానికి గుట్టెక్కిన ఆనా సోఫేర్, పలకల సందులోంచి దూరిన సన్నటి వెలుగు కత్తిలా ఆ సుడిని చీల్చడం చూసింది. ఆమె శాస్త్రవేత్త కాదు, చిత్రకారిణి. జూన్ మలుపునాడు వెలుగు కత్తి సుడి నడిబొడ్డున దిగుతుంది, డిసెంబర్ మలుపున రెండు కత్తులు సుడిని రెండు పక్కలా పట్టి ఉంచుతాయి. చంద్రోదయపు నీడలు కూడా 18.6 ఏళ్ల చక్రపు రెండు కొసలను అదే సుడి మీద సూచిస్తాయని ఆమె, ఆమె సహచరులు తేల్చారు. పలకలు మనుషులు నిలబెట్టినవా, తమంతట తాము జారిపడినవా అన్నదాని మీద వాదనలున్నాయి. సుడి మాత్రం మనిషి చేయి చెక్కిందే.

తర్వాత జరిగింది చెప్పడానికి బాధగా ఉంది. 1989లో చూస్తే పలక కదిలిపోయి ఉంది, వెలుగు కత్తి గురి తప్పింది. వచ్చేపోయేవాళ్ల కాళ్ల కింద మట్టి కరగడమే కారణం. గుట్ట మీదికి సందర్శకులను ఇప్పుడు ఎక్కనివ్వరు. తొమ్మిది పది శతాబ్దాలు నిలిచిన లెక్క, దాన్ని కనుక్కున్న పన్నెండేళ్లకే చెడింది.

అదే చంద్రచక్రాన్ని పట్టుకోవడానికి అరిజోనాలో జేమ్స్ టరెల్ ఏకంగా ఒక చల్లారిన అగ్నిపర్వతాన్నే తీసుకున్నాడు. విమానం నడుపుతూ 1974లో చూశాడు, 1977లో కొన్నాడు. పేరు రోడెన్ క్రేటర్. లోపల 854 అడుగుల సొరంగం ఉంది. చంద్రుడు హద్దు దాటే కాలంలో 18.6 ఏళ్లకోసారి చంద్రబింబం లోపలి రాయి మీద పడేలా దాన్ని అమర్చాడు. ఊహ గొప్పది. అయినా నా ఓటు హోల్ట్ తూములకే. అక్కడ టికెట్టు లేదు, తలుపు లేదు, కాపలా లేదు. తెల్లారేసరికి చేరుకోగలిగినవాడిదే ఆ సూర్యోదయం.

ఇదంతా చదివి ఉటా దాకా వెళ్లడం మనలో ఎందరికి కుదురుతుంది? వెళ్లక్కర్లేదు. నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు ఉన్నాయి. మనిషికి రెండింతల ఎత్తున్న రాళ్లు పొలాల మధ్య వరుసలు తీరి నిలబడి ఉంటాయి. వాటి వరుసలు సూర్యుడి మలుపులకు సరిపోతున్నాయని, ఒక రాతి మీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పురావస్తు పరిశోధకుడు కె.పి. రావు చెప్పారు. అవి మూడు వేల ఏళ్లకు పైబడినవని అంచనా. ఇన్నేళ్లలో ధ్రువతార మారింది, సంక్రాంతి తేదీ మారింది. మలుపునాటి సూర్యోదయం మాత్రం జరిగింది అర డిగ్రీయే, అంటే ఒక్క సూర్యబింబమంత. అందుకే ఆ వరుసలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. 2025లో ఈ రాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. చూడటానికి వెళ్లేవాళ్లు రాళ్లను ఆనుకోకండి, మొదళ్ల దగ్గర మట్టి తొక్కకండి. ఫహాడా గుట్ట మీద జరిగింది ఇక్కడ జరగకూడదు.

అదీ కుదరకపోతే డాబా ఎక్కండి. డిసెంబర్ 21న, అటూ ఇటూ రెండు మూడు రోజులైనా ఫర్వాలేదు, పిట్టగోడ దగ్గర ఒకచోట నిలబడి సూర్యుడు ఏ ఇంటి మీదుగా, ఏ చెట్టు పక్కగా పొడిచాడో పిల్లల చేత గుర్తు పెట్టించండి. కాళ్లున్న చోట సుద్దతో గీత గీయండి. జూన్ 21న అదే గీత మీద నిలబెట్టండి. జూన్‌లో మబ్బు పడితే దిగులు పడొద్దు, ఊయల కొసన సూర్యుడు పది రోజులు ఆగుతాడు. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. రెండు గుర్తుల మధ్య మన తెలుగు నేల మీద దాదాపు ఐదు పిడికిళ్లు పట్టాలి.